అరువు చెయ్యి

లోంగ్‌షాన్ శిక్షణ శిబిరం,
18 ఫిబ్రవరి, 1996

చెల్లీ ఝెన్,

ఈ ఉత్తరంలో అక్షరాలు వంకర పోయాయని కంగారుపడి, అక్కకు జ్వరమని అమ్మకు రాసేయకు. నెల రోజులుగా నేను బ్యాటును మరొకరిలా పట్టుకుంటున్నాను. ఆ పట్టు వేళ్ళకెక్కింది, కలం పట్టినా వదలడం లేదు.

సంగతి ఇది. ఏప్రిల్‌లో టేబుల్ టెన్నిస్ జాతీయ పోటీలు. మా ఉక్కు కర్మాగారం జట్టు ఆశలన్నీ తాన్ సూయే మీద ఉన్నాయి. ఇరవై ఏళ్ళ పిల్ల, నా గదిలోనే ఉంటుంది, నన్ను 'లాన్ అక్కా' అంటుంది. ఆమె దారికి అడ్డు ఒక్కతే: ఉత్తరాది జట్టులోని గువాన్ లీపింగ్. రెండేళ్ళలో సూయేను నాలుగుసార్లు ఓడించింది. అందుచేత లూ మాస్టారు నన్ను గువాన్‌ను చేశారు. మధ్యాహ్నాలు ఆమె ఆటల టేపులు చూస్తాను. మర్నాటి ఉదయం ఆమెనై సూయేకు ఎదురు నిలబడతాను. ఏడో ఏట నుంచి నేను కరచాలనం చేసినట్టు బ్యాటు పట్టుకున్నదాన్ని. గువాన్ కలంలా పట్టుకుంటుంది. సర్వీసుకు ముందు అరచేతిలో ఊదుకుని, ఆ చేతిని నెట్ పక్కన టేబుల్ మూలకు తుడుస్తుంది. అదీ చేస్తాను. "అలవాట్లు వదిలేసి ఆట ఒక్కటే తెస్తే అది ఆమె ఆట కాదు" అంటారు మాస్టారు. హాల్లో అందరూ నన్ను గువాన్ అనే పిలుస్తున్నారు. మొన్న వంటశాల పిన్ని నా కంచంలోంచి అన్నం తీసేసి, "ఉత్తరాది పిల్లవి గదమ్మా, నీకు అన్నం ఏం సహిస్తుంది, రొట్టె తిను" అని ఉడికించిన రొట్టెలు రెండు పెట్టింది. నవ్వలేక చచ్చాను.

ఒక వింత చెప్పనా? నేను నేనుగా ఆడితే సూయే మీద ఏడాదిగా ఒక్క గేమ్ కూడా గెలవలేదు. గువాన్‌గా ఆడితే మూడింట రెండు గెలుస్తున్నాను. ఆ గెలుపు ఎవరిదో నువ్వు చదువుకున్నదానివి గదా, తేల్చి చెప్పు.

జట్టులో ఆడవాళ్ళం ఆరుగురం. పోటీకి వెళ్ళేది నలుగురు. నేను అయిదో దాన్ని. వేసవి తర్వాత అయిదో స్థానమూ ఆరో స్థానమూ ఎత్తేస్తారని వింటున్నాం. అప్పుడు నన్ను కర్మాగారం శిశువిహారానికి పంపి, పిల్లలకు బంతి పట్టడం నేర్పమంటారు. ఈ మాట అమ్మకు చేరనివ్వకు.

నీ ఫ్లాస్కు మూత పగిలిందన్నావు. మా స్టోరులో దొరికింది, పంపుతున్నాను.

నీ అక్క,
హుయిలాన్

&nbsp;

వూహాన్,
2 మార్చి, 1996

అక్కా,

మూత అందింది, సరిగ్గా కూర్చుంది. నీ ఉత్తరంలో మాత్రం ఒక్క వాక్యమూ నా మనసులో కుదురుగా కూర్చోలేదు.

నిన్న మా విశ్వవిద్యాలయంలో వాదపోటీ సెమీఫైనల్ జరిగింది. 'ప్రతిభ కంటే అవకాశం గొప్పది' అన్నది అంశం, నాది అనుకూల పక్షం. ఎదుటి పక్షంలో వైద్యవిద్యార్థి ఒకడు, కళ్ళద్దాలు సవరించుకుంటూ, "నీడకు సొంత ఎత్తు ఉండదు. ఎత్తు ఉన్నవాళ్ళకే నీడ ఉంటుంది" అన్నాడు. "నీడ ఎత్తు తర్వాత కొలుద్దాం. దీపం పట్టుకుని నిలబడ్డ పెద్దమనిషిని ముందు పక్కకు తప్పుకోమనండి" అన్నాను. హాలు దద్దరిల్లింది. గెలిచాను. కానీ హాస్టలుకు నడిచి వస్తుంటే ఆ చప్పట్లు నాకు రుచించలేదు, ఎందుకంటే నేను మాట్లాడింది నీ గురించేనని అప్పుడు తట్టింది.

ఆలోచించు. పద్ధెనిమిదేళ్ళు ఆడిన మనిషిని ఒక టేపు ముందు కూర్చోబెట్టి, ఆమె పట్టు మార్చి, పేరు మార్చి, చివరికి తిండి కూడా మార్చి, దాన్ని జట్టు ప్రయోజనం అంటున్నారు. ఆ ప్రయోజనంలో నీ వాటా ఏమిటి? సూయే గెలిస్తే పతకం సూయేది, పేరు లూ మాస్టారిది. నీకు శిశువిహారం. ఇందులో అన్యాయం ఎక్కడుందో చూపించడానికి తర్కశాస్త్రం అక్కర్లేదు, కళ్ళుంటే చాలు. అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది నీ నవ్వు. అన్నం తీసేసినా నవ్వేవాళ్ళ దగ్గర నుంచి తర్వాత కంచమూ తీసేస్తారు.

మా విద్యార్థి పత్రికలో దీని మీద రాస్తాను. వద్దనకు.

నీ కోసం పోట్లాడుతున్న,
ఝెన్

&nbsp;

లోంగ్‌షాన్,
15 మార్చి, 1996

ఝెన్,

వద్దనే అంటున్నాను. నా కోసం ఎవరూ పోట్లాడనక్కర్లేదు. సూయే చెడ్డపిల్ల కాదు. చలిరోజుల్లో తన ఉడికిన గుడ్డు నా జేబులో వేసి, చెయ్యి వెచ్చబెట్టుకో అక్కా అనేది.

వారం రోజులు ఊళ్ళో లేను. గువాన్ ఆడే ఆహ్వాన పోటీకి లూ మాస్టారు నన్ను ఒక్కదాన్నే ఉత్తరాదికి పంపారు. పుస్తకం, పెన్సిలు పట్టుకుని ప్రేక్షకుల్లో కూర్చుని అంతా రాసుకొచ్చాను. ఆమె ఆటలో కొత్తదేమీ లేదు. గువాన్ చేయగలిగిందంతా సూయేకు నా చేతి నుంచి ముందే అందింది. నువ్వు నిశ్చింతగా చదువుకో.

మీ దగ్గర చెర్రీలు పూసి ఉంటాయి. ఈ ఏడాది ఫొటో పంపలేదేం?

అక్క

&nbsp;

వూహాన్,
9 ఏప్రిల్, 1996

అక్కా,

చెర్రీల ఫొటో తర్వాత. ముందు ఇది.

క్వార్టర్ ఫైనల్ చూశాను. హాస్టలు టీవీ గదిలో అరవైమందిమి, సగం మంది నిలబడే. మీ సూయే గువాన్ లీపింగ్ చేతిలో వరుసగా మూడు గేములు ఓడింది. ఓటమి వింత కాదు. ఆ ఓడిన తీరు వింత. గువాన్ చెయ్యి పొడుగ్గా ఊపి వేసే సర్వీసు ఒకటుంది గదా, దాన్ని తిరిగి కొట్టబోయి సూయే బంతిని నెట్‌లో పడేసింది. ఒకసారి కాదు. నేను లెక్కపెట్టాను, పదకొండుసార్లు. ఏడోసారికి మా తరగతి అబ్బాయిలు నవ్వడం మొదలుపెట్టారు. పదోసారికి నవ్వడం కూడా మానేశారు.

గదికి వచ్చి కాగితం మీద తర్కం పెట్టుకున్నాను. ఆ సర్వీసును తీయలేకపోవడానికి కారణాలు రెండే ఉండాలి. అయితే ఆమెకు అభ్యాసం లేదు, కాకపోతే తీయాలన్న ఇష్టం లేదు. అభ్యాసం లేదనడానికి వీల్లేదు. గువాన్ చేయగలిగిందంతా ఆమెకు ముందే అందిందని సాక్షాత్తూ నువ్వే రాశావు. కాబట్టి ఆమెకు ఇష్టం లేదు. ఇష్టం ఎందుకు లేదన్నది వాళ్ళు చెప్పాలి. ఎవరు ఎవరికి దారి ఇవ్వాలో పెద్దలు గదిలో కూర్చుని నిర్ణయించడం ఈ ఆటలో వినని సంగతి కాదు.

ఇది వ్యాసంగా రాశాను. 'పదకొండు సర్వీసులు' అని పేరు పెట్టాను. మా పత్రిక వేసింది. దాన్ని చూసి ఒక క్రీడా వారపత్రిక మళ్ళీ వేస్తోంది. నీ పేరు రాయలేదు, 'ఆమెతో అభ్యాసం చేసిన క్రీడాకారిణి స్వయంగా రాసిన ఉత్తరం' అని మాత్రం రాశాను. నీ వాక్యం ఉన్నదున్నట్టు దించాను. నా వాదమంతా దాని మీదే నిలబడింది. నీ నిజాయితీ అంత గట్టి పునాది నాకు ఇంతకుముందు ఏ పోటీలోనూ దొరకలేదు.

ఈసారైనా నవ్వకుండా గర్వపడు.

నీ చెల్లెలు,
ఝెన్

&nbsp;

లోంగ్‌షాన్,
20 ఏప్రిల్, 1996

ఝెన్,

ఏం పని చేశావే!

వారపత్రిక వంటశాల గోడకు అతికించారు. నా వాక్యం కింద ఎవరో ఎర్ర పెన్సిలుతో గీత గీశారు. పేరు రాయలేదన్నావు. గువాన్‌గా ఆడింది నేనొక్కదాన్నే గదా, ఇక్కడ ఎవరికి తెలియదు?

కర్మాగారం వాళ్ళు విచారణ సంఘం వేశారు. సూయేను హాల్లోకి రానివ్వడం లేదు. ఆమె బ్యాటు ఆఫీసు అల్మరాలో పెట్టి తాళం వేశారు. గదిలో నా మంచానికి ఎదురుగా కూర్చుని రోజంతా గోడకేసి చూస్తుంది, నేను లోపలికి వస్తే లేచి తాగడానికి వేడినీళ్ళు పోసి ఇస్తుంది. వాళ్ళమ్మ ఊరి నుంచి వచ్చింది. నా రెండు చేతులూ పట్టుకుని, "నువ్వు పెద్దదానివి తల్లీ, రోజూ దాంతో ఆడావు. మా పిల్ల అలాంటిది కాదని నువ్వొక్క మాట చెప్పు చాలు" అంది. నేను చెప్పాను. ఎవరూ పట్టించుకోలేదు. ఉత్తరంలో అలా రాసి ఇప్పుడు ఇలా అంటున్నావేమని అడిగారు.

మే పద్ధెనిమిదిన తీర్పు. తప్పు తేలితే మూడేళ్ళు ఎక్కడా ఆడకుండా పేరు కొట్టేస్తారు. ఇరవై ఏళ్ళప్పుడు మూడేళ్ళు పోతే ఈ ఆటలో మిగిలేదేమీ ఉండదు. మిగతావాళ్ళు ముందుకు జరిగితే నాలుగో స్థానం ఖాళీ అయింది గనుక నన్ను వేశారు. నిన్న సూయే చొక్కా నంబరు నాకు ఇచ్చారు.

సూయే అమ్ముడుపోలేదు. ఎవరూ ఆమెను ఓడిపొమ్మనలేదు. ఇది నాకు తెలుసు. ఎలా తెలుసని అడగకు. రాసింది వెనక్కి తీసుకో.

హుయిలాన్

&nbsp;

వూహాన్,
27 ఏప్రిల్, 1996

అక్కా,

ఎలా తెలుసని అడగకు అన్నావు. నాకు వచ్చిన విద్య ఒక్కటే, అడగడం. దాన్నే మానుకోమంటే ఎలా?

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అది నీ గొంతు కాదు. మార్చిలో ఒక మాట, ఏప్రిల్‌లో మరో మాట చెప్పే మనిషివి కావు నువ్వు. ఎవరో నీ వెనక నిలబడి రాయించారని నా అనుమానం. లూ మాస్టారా? నీకిచ్చిన నాలుగో స్థానం నోరు మూయించడానికి ఇచ్చిన మిఠాయి కావచ్చు. నీ మీద ఒత్తిడి ఉంటే వచ్చే ఉత్తరం మీద తారీఖు ఎర్ర సిరాతో రాయి, నేను అర్థం చేసుకుంటాను.

లేదూ, నీ అంతట నువ్వే రాశావంటే, ఒక్క ప్రశ్నకు జవాబు కావాలి. ఆమె అభ్యాసం చేసింది, ఆమెకు గెలవాలనీ ఉంది. మరి పదకొండు బంతులు నెట్‌లో ఎందుకు పడ్డాయి? నేను చూపిన దారులు రెండే. మూడోది ఉంటే చూపించు. చూపించలేకపోతే నా వ్యాసంలో అక్షరం కూడా మార్చను. జాలి వేరు, సత్యం వేరు. సూయే తల్లి కన్నీళ్ళు నన్ను కదిలించాయి. కానీ కన్నీళ్ళు సాక్ష్యం కావు.

పదిహేనున మా ఫైనల్. 'మౌనం కూడా అబద్ధమే' అన్నది అంశం. మళ్ళీ అనుకూల పక్షమే నాది.

ఝెన్

&nbsp;

లోంగ్‌షాన్,
5 మే, 1996

ఝెన్,

తారీఖు నల్ల సిరాతోనే రాశాను, చూసుకో. నా వెనక ఎవరూ లేరు. సూయే వాళ్ళమ్మతో బజారుకు వెళ్ళింది, తలుపు వేసుకుని రాస్తున్నాను.

మూడో దారి ఉంది. చెబుతాను.

మార్చిలో ఉత్తరాదికి వెళ్ళినప్పుడు, మూడో రోజు నేను గడియారం తప్పు చూసుకుని గంట ముందే ఆటస్థలానికి చేరాను. పక్క హాల్లో తెర వేసి ఉంది. బంతి చప్పుడు వినిపించి తెర సందులోంచి చూశాను. గువాన్ ఒక్కతే సర్వీసులు వేసుకుంటోంది. అదే పొడుగు ఊపు, ఎడమ చెయ్యి అదే చాటు. కానీ బంతి అదే కాదు. ఆ ఊపుతో ఇదివరకు వచ్చే బంతి తేలిక. బ్యాటు ఆనిస్తే చాలు, వెనక్కి వెళుతుంది. ఇప్పుడు చెయ్యి చాటున, తగిలే క్షణంలో, మణికట్టును బంతి అడుగుకు తోస్తోంది. కింద కోత పడి బంతి బరువెక్కుతోంది. అలవాటు ప్రకారం బ్యాటు ఆనిస్తే సూటిగా నెట్‌లోకే. ఆ పోటీలో ఆమె దాన్ని ఒక్కసారి కూడా వెయ్యలేదు. జాతీయ పోటీల కోసం దాచుకుంది. చూసింది నేనొక్కదాన్నే.

తిరిగొచ్చాక ఖాళీ హాల్లో నేనొక్కదాన్నే వేసి చూశాను. మూడు రోజుల్లో పట్టుబడింది. అంత కష్టమైన సర్వీసు నా పేరు మీద ఆడే ఆటలో నాకెప్పుడూ రాలేదు. చేతిలోంచి బంతి వెళుతుంటే ఒళ్ళు పులకరించింది.

అది సూయేకు వెయ్యలేదు.

పథకం వేసి చేసింది కాదని నేను చెబితే నువ్వు ఒప్పుకోవు, తర్కంలో అది నిలవదు. కానీ జరిగింది అలాగే. మొదటి రోజు, ఇంకా కుదరలేదు, రేపు చూపిద్దాం అనుకున్నాను. రెండో రోజు ఒక విలేకరి వచ్చాడు. సూయే నా భుజం మీద చెయ్యి వేసి, "ఈవిడ నా గోడ. ఎంత గట్టిగా కొట్టినా తిరిగి ఇస్తుంది" అని చెప్పింది. ప్రేమగానే అంది. చిన్నప్పుడు మనమంతా గోడకు కొట్టి నేర్చుకున్నవాళ్ళమే గదా. నేనూ నవ్వాను. ఆ రోజూ వెయ్యలేదు. మూడో రోజు, చూసింది వెంటనే ఎందుకు చెప్పలేదంటారేమోనని భయం వేసింది. ఆ తర్వాత ప్రతి రోజూ చెప్పడం ముందు రోజు కంటే కష్టమైంది. పన్నెండు ఉదయాలు అలా వెళ్ళాయి. సూయే పడిపోతే నా స్థానం నిలుస్తుందన్న ఆలోచన రాలేదని అననులే. వచ్చింది. నేను దాన్ని వెళ్ళగొట్టలేదు.

ఇంకా ఘోరం ఏమిటంటే, నేను దాచి ఊరుకోలేదు. ఆ పన్నెండు ఉదయాలూ అదే ఊపుతో తేలిక బంతిని వందలసార్లు వేశాను. బ్యాటు ఆనిస్తే చాలని ఆమె చేతికి అలవాటు చేశాను. గువాన్ ఎదుట ఆమె చెయ్యి నేను నేర్పినట్టే పోయింది. ఆ పదకొండు బంతులూ నెట్‌లో వేసింది నేను.

పోటీకి నన్నూ అభ్యాసానికని వెంట తీసుకెళ్ళారు గదా, ఓడి బయటికి వచ్చాక సూయే తువ్వాలు మొహం మీద కప్పుకుని నా పక్కన కూర్చుంది. కాసేపటికి, "లాన్ అక్కా, అంత కష్టపడి నేర్పావు. నాకే రాలేదు. ఏమీ అనుకోకు" అంది. నాకు క్షమాపణ చెప్పింది ఝెన్. నేను ఆమె భుజం తట్టాను. ఆ తట్టిన చేతిని ఇప్పుడు చూసుకోలేకపోతున్నాను.

నీ వ్యాసం రాకపోతే అది ఓడిన ఆటగా మిగిలిపోయేది, నేనూ నోరు మూసుకునేదాన్ని. నిన్ను తప్పుపట్టడానికి ఈ మాట అనలేదు. నీకు పునాది ఇచ్చింది నేనే.

ఇప్పుడు ఏం చెయ్యమంటావు?

హుయిలాన్

&nbsp;

వూహాన్,
11 మే, 1996

అక్కా,

నీ ఉత్తరం అందిన రోజు నేను తరగతికి వెళ్ళలేదు.

ముందు నా నేరం చెప్పుకోనివ్వు. రెండు దారులే ఉన్నాయని రాసినప్పుడు మూడోదాన్ని వెతకలేదు. ఎందుకు వెతకలేదో ఇప్పుడు తెలుసు. ఆ రెండూ చాలా అందంగా ఎదురుబొదురుగా నిలబడ్డాయి. వాటి మధ్య ఒక మనిషిని పెట్టి నలిపేశానన్న ఊహ కూడా రాలేదు. నేను సూయేతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె మొహం టీవీలో తప్ప చూడలేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, నాది కాని పరువును తీసి అందరి ముందూ పంచిపెట్టాను. పైగా సత్యం వేరు, జాలి వేరు అని నీకు నీతి చెప్పాను.

వారపత్రిక కార్యాలయానికి వెళ్ళాను. నా వాదం తప్పు, వెనక్కి తీసుకుంటున్నాను అన్నాను. సంపాదకుడు కుర్చీలో వెనక్కి వాలి, "ఏ భాగం తప్పమ్మా?" అని అడిగాడు. నోటి వరకూ వచ్చిన జవాబు నీ పేరు. దాన్ని మింగేశాను. కారణం చెప్పలేనన్నాను. ఆయన నవ్వి, "కారణం లేకుండా నిందించావా, కారణం లేకుండా వెనక్కి తీసుకుంటున్నావా?" అన్నాడు. చివరికి వాషింగ్ మెషీన్ ప్రకటన కింద రెండు పంక్తులు వేస్తానని ఒప్పుకున్నాడు.

నువ్వు అడిగినదానికి వస్తాను. జవాబుగా ఇదివరకే ఒక ఉత్తరం రాశాను, అయిదు పేజీలు. నువ్వు చెప్పనక్కర్లేదని వాదించాను. చూసింది నువ్వొక్కదానివే, సాక్ష్యం లేక సూయేను ఎలాగూ వదిలేస్తారు, ఒకరిని కాపాడటానికి ఇద్దరు మునగనక్కర్లేదు. ప్రతి వాక్యమూ బలంగా ఉంది. ఏ న్యాయనిర్ణేతలైనా నాకే మార్కులు వేస్తారు. చదువుకున్నాక నాకు నా తెలివి మీద అసహ్యం వేసింది. చింపేశాను. చెప్పమని వాదించడానికీ కూర్చున్నాను, అదీ అంతే బలంగా వచ్చింది. అదీ చింపేశాను. ఇన్నాళ్ళూ దీన్నే ఆలోచన అనుకున్నాను.

కాబట్టి వాదించను. నీ ఉత్తరాన్ని ఎవరికీ చూపించను కూడా. ఒకసారి చూపించి చేసింది చాలు. నేను రాత్రీ పగలూ అనుకునేది ఒక్కటే. ఆ పిల్ల ఇంకా నీకు వేడినీళ్ళు పోసి ఇస్తోందా?

ఫైనల్ నుంచి తప్పుకున్నాను. మౌనం మీద మాట్లాడే మొహం నాకు లేదు.

ఝెన్

&nbsp;

లోంగ్‌షాన్,
25 మే, 1996

ఝెన్,

పోసి ఇస్తూనే ఉండేది, పదిహేడో తారీఖు దాకా.

పద్ధెనిమిదిన విచారణకు నన్ను సాక్షిగా పిలిచారు. ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్నాయన కార్మిక సంఘం పెద్ద, జన్మలో బ్యాటు ముట్టుకోనివాడు. గోడకు అతికించిన వారపత్రికే తెచ్చి నా ముందు పెట్టి, ఎర్ర గీత మీద వేలు ఆనించి, "ఈ వాక్యం మీదేనా?" అన్నాడు. నాదేనన్నాను. "ఇందులో ఉన్నది నిజమేనా?" అన్నాడు.

ముందు రోజు నుంచీ చాలా మాటలు కూర్చుకున్నాను. "కాదు" అన్నాను.

తర్వాత అంతా చెప్పాను. తెర సందు, మణికట్టు, పన్నెండు ఉదయాలు. సూయే, వాళ్ళమ్మ నా వెనక బెంచీ మీద ఉన్నారు. వెనక్కి తిరిగి చూడలేదు. సంఘం పెద్దకు ఏమీ అర్థం కాలేదు. బంతి బరువెక్కడం ఏమిటి, బంతి బరువు మారుతుందా అని పక్కవాళ్ళను అడిగాడు. చివరికి విసుగొచ్చి, "ఆ తేడా ఏదో చూపించండి చూద్దాం" అని లేచాడు. అందరం హాల్లోకి నడిచాం. అల్మరా తాళం తీసి సూయే బ్యాటు ఆమెకు ఇచ్చారు. నెల తర్వాత చేతిలోకి వచ్చింది. తువ్వాలు తీసి రబ్బరు మీద దుమ్ము తుడుచుకుని, నాకు ఎదురుగా నిలబడింది.

మొదటిది నా వైపే రెండుసార్లు పడింది. రెండోది టేబుల్ దాటి పోయింది. ఎవరో నవ్వారు. మూడోది పడింది. సూయే బ్యాటు ఆనించింది, నెట్‌లో పడింది. నాలుగోది నెట్‌లో. అయిదోదీ నెట్‌లోనే. తేలిక బంతి ఒకటి వేశాను, చక్కగా తిరిగి వచ్చింది.

"నా కంటికి అన్నీ ఒకేలా ఉన్నాయి" అన్నాడు సంఘం పెద్ద.

"అందుకే అది మంచి సర్వీసు" అన్నారు లూ మాస్టారు. పదేళ్ళ పిల్లప్పుడు నన్ను ఊరి బడిలో సిమెంటు టేబుల్ దగ్గర చూసి తీసుకొచ్చింది ఆయనే.

సూయే బంతి చేతిలో పట్టుకుని అడిగింది. "ఇది ఎప్పుడు నేర్చుకున్నావు?"

"మార్చిలో."

"నేను బయల్దేరకముందే."

"ముందే."

"రోజూ నాతో ఆడుతూనే."

అవునన్నాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. తిడితే నిలబడగలిగేదాన్ని. వాళ్ళమ్మ మాత్రం నా దగ్గరకు వచ్చి, నా చేతుల వంక చూసి వెళ్ళిపోయింది.

సూయే నిర్దోషి అని ఆ సాయంత్రమే గోడకు కాగితం అంటించారు. ఆమె నంబరు ఆమెకు ఇచ్చేశారు. నన్ను మర్నాడే పంపించేయాలని సంఘం అంది. లూ మాస్టారు తల ఊపారు. అప్పుడు సూయే లేచి, నా వైపు చూడకుండా వాళ్ళతో చెప్పింది: "ఆగస్టులో బీజింగ్ ఎంపిక పోటీలున్నాయి. అక్కడ మళ్ళీ గువాన్ వస్తుంది. ఆ సర్వీసు ఈవిడకు తప్ప ఎవరికీ రాదు. అప్పటిదాకా ఉంచండి." అది క్షమ అని నువ్వు అనుకోవద్దు. నేనూ అనుకోలేదు. ఆటగత్తె అడగాల్సింది అడిగింది. ఆగస్టు తర్వాత నన్ను ఏ జట్టులోనూ పెట్టుకోరు. అమ్మకు నేనే రాశాను, ఉన్నదున్నట్టు.

నన్ను సామాన్ల గది పక్క గదికి మార్చారు. అందరూ వంటశాల నుంచి వెళ్ళాక తింటాను. క్షమాపణ చెప్పుకోవడానికి ఇక్కడికి వస్తానని నువ్వు సూయేకు రాసిన ఉత్తరం ఆమెకు అందింది. చదివిందో లేదో తెలియదు. రావద్దులే. నీ క్షమాపణ భారం కూడా ఆమె ఎందుకు మొయ్యాలి? నువ్వు మళ్ళీ తరగతికి వెళ్ళు. మాట్లాడటం మానకు, మాట్లాడే ముందు మనిషిని వెళ్ళి అడుగు.

రోజూ ఉదయం మేమిద్దరమే మూడో టేబుల్ దగ్గర. కొత్త బంతీ పాత బంతీ కలిపి వేస్తాను, ఏది ఏదో చెప్పకుండా. మొదటి మూడు రోజులూ నెట్ నిండిపోయింది. గురువారానికి సగం తీసింది. నిన్న వరుసగా పద్ధెనిమిది వేస్తే పద్ధెనిమిదీ తిరిగి వచ్చాయి. పంతొమ్మిదోది వెయ్యబోతుంటే చెయ్యెత్తి ఆపింది. విచారణ తర్వాత నాతో మాట్లాడింది అప్పుడే.

"అక్కడ ఇంకేమైనా చూశావా?"

"లేదు. ఇంకేమీ లేదు" అన్నాను.

ఒట్టు ఝెన్, ఇంకేమీ లేదు. ఆమె నా మొహంలోకి చూస్తూ నిలబడింది. నేనూ కళ్ళు దించకుండా నిలబడ్డాను. చూసి చూసి, తేల్చుకోలేక, బంతిని టేబుల్ మీద నా వైపు దొర్లించి, "వెయ్యి" అంది.

నీ అక్క,
హుయిలాన్